అవ్వ తిరిగిచ్చిన తాళంచెవులు

కామారెడ్డిలో మా గల్లీకి తొమ్మిది ఇళ్లు. అందులో ఏడు ఇళ్ల తాళంచెవులు పగటిపూట ఒక్క ఇంట్లోనే ఉండేవి. గల్లీ మొదట్లో రెండు గదుల రేకుల ఇల్లు అది. అందులో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, ఆమెను ఎల్లారెడ్డిలో ఇచ్చింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ తాగి, ఒళ్లో చేట పెట్టుకుని అరుగు మీద కూర్చుందంటే పొద్దుగూకేదాకా బీడీలు చుట్టేది. మేమంతా ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లం.

నేను ఎల్లారెడ్డిలో ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పేదాన్ని. పొద్దున ఏడున్నర బస్సుకు వెళ్తే మళ్లీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరింటికే. మా ఆయన ఊళ్లోనే ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునేది. మిగతా ఇళ్లలోనూ ఇంచుమించు అంతే. తొమ్మిది దాటితే గల్లీలో ఏ తలుపు చూసినా తాళమే. గ్యాస్ బండ వచ్చినా, మీటరు చూసేవాడు వచ్చినా, సెలవులకు మా అమ్మాయి చెప్పాపెట్టకుండా బస్సు దిగినా అవ్వే తాళం తీసి ఇచ్చేది.

అవ్వకు చదువు రాదు. ఏ తాళంచెవి ఎవరిదో గుర్తుండటానికి ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టుకుంది. మాదానికి నా పాత చీర పసుపు అంచు కట్టింది. ఎవరి ఇంటికి తాళం తీసినా తను గడప బయటే నిలబడేది, లోపల అడుగు పెట్టేది కాదు. ఒకసారి హఠాత్తుగా వాన పడి మా డాబా మీద బట్టలన్నీ తడిసిపోయాయి.

"తాళం తీసుకొని పోయి తేకపోయినవా అవ్వా?" అన్నాను ఆ సాయంత్రం.

"మీరు లేని ఇంట్ల నాకేం పని బిడ్డా? తడిస్తె ఆరుతయ్" అంది.

ఆ ఏడాది సమ్మెల ఏడాది. రోజుల తరబడి బడులు మూతబడి, మళ్లీ తెరిచాక, పోయిన రోజులకు బదులు సెలవు దినాల్లో కూడా పనిచేయాల్సి వచ్చింది. రెండో శనివారం, కొన్ని ఆదివారాలు కూడా ఇంటికి తాళమే. ఆ చలికాలంలోనే చుట్టుపక్కల కాలనీల్లో పట్టపగలు దొంగతనాలు మొదలయ్యాయి. ఫలానా వాళ్లింట్లో పోయిందట, ఫలానా వాళ్లు పెళ్లికి పోయి వచ్చేసరికి బీరువా ఖాళీ అట అని బస్సులో, కూరగాయల దగ్గర అవే మాటలు.

మా వైపు ఒక హెడ్ కానిస్టేబుల్ తిరిగేవాడు. పాతకాలం అలవాటు కొద్దీ అందరూ ఆయనను జమేదార్ సాబ్ అనేవారు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. బండిని గల్లీ మొదట్లోనే ఆపి నడిచి వచ్చేవాడు. చంకలో ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఒక ఆదివారం పొద్దున మమ్మల్నందరినీ అవ్వ ఇంటి ముందుకు పిలిచాడు.

"పగటిపూట ఈ గల్లీల ఎవలుంటరు?" అని అడిగాడు.

"అవ్వ ఉంటది సార్" అన్నాం నలుగురం ఒకేసారి.

ఆయన అవ్వ వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. తర్వాత మాతో అన్నాడు: "మంచిది. గల్లీల ఒక మనిషి కూసొని ఉన్నదంటె దొంగ లోపలికి రానీకె జంకుతడు. కాని మీరు కూడ జర జాగ్రత్త పడాలె. తాళంచెవి మీటరు డబ్బ మీద పెట్టకున్రి. పూలకుండి కింద పెట్టకున్రి. బీరువ చెవి బీరువ మీదనే పెట్టకున్రి. ఏ ఇంట్లకు పోయినా ఈ మూడు జాగలే నేను ముందు చూస్త. దొంగ కూడ గవ్వే చూస్తడు. ఊరికి పోతె స్టేషన్‌ల ఒక మాట చెప్పి పోన్రి."

మేము నవ్వాం. మా పక్కింటామె, "మా గల్లీల గట్లాంటివి కావు సార్. అవ్వ ఉన్నదిగద" అంది. జమేదార్ నోటుబుక్కులో అందరి ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు రాసుకున్నాడు. స్టేషన్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద పెద్దగా రాసి అవ్వ ఇంటి గోడకు అంటించాడు. అవ్వకు అంకెలు మాత్రం తెలుసు. ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

పదిహేను రోజులు కూడా గడవలేదు. మంగళవారం. నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పి స్టాఫ్ రూముకు వచ్చేసరికి నా ఫోన్ మోగుతోంది. మా ఆయన.

"ఇంటికి రా. జల్ది రా" అన్నాడు.

"ఏమైంది?"

"బీరువ తెరిచున్నది."

హెడ్‌మాస్టరుకు చెప్పి బస్టాండుకు పరుగెత్తాను. బస్సు లింగంపేట దగ్గర ఆగినప్పుడు ఎవరో తెలిసినామె పలకరించింది. ఏం జవాబిచ్చానో తెలియదు. బీరువాలో ఏ అరలో ఏముందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నాను. పై అరలో పట్టుచీరల కింద ఒక ఇనుప డబ్బా. అందులో మా అమ్మ బంగారు గుండ్లు. నాట్లు వేసే రోజుల్లో బురద అంటకుండా అమ్మ ఆ దండను వెనక్కి తిప్పి వీపు మీద వేసుకునేది. వంగి నాటు వేస్తుంటే వెనక నుంచి చూసే నాకు ఎండలో అవి మెరుస్తూ కనిపించేవి. అమ్మ పోయాక మా అన్న వాటిని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేనెప్పుడూ మెడలో వేసుకోలేదు. ఎప్పుడైనా తీసి చూసి మళ్లీ పెట్టేసేదాన్ని.

ఇంటికి వెళ్లేసరికి గల్లీ అంతా మా గేటు ముందే ఉంది. గుండ్లు పోయాయి. నా గాజులు రెండు, అమ్మాయి పుట్టినప్పుడు అత్తగారు పెట్టిన వెండికంచం కూడా పోయాయి. చీరలన్నీ మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. బీరువా చెవి ఎప్పటిలాగే బీరువా మీదే ఉంది. ఎస్సై, జమేదార్ లోపల ఉన్నారు. తలుపు విరగలేదు, గొళ్లెం వంగలేదు. మా ఆయన నాలుగింటికి వచ్చినప్పుడు తాళం వేసింది వేసినట్టే ఉందట. తీసి లోపలికి వెళ్లాకే తెలిసిందట.

"తాళం పగలగొట్టలే. చెవితోని తీసిన్రు, మల్ల ఏసిపోయిన్రు. చెవులు ఎన్ని ఉన్నయ్? ఎవలెవల దగ్గర?" అని ఎస్సై అడిగాడు.

"మూడు సార్. నా దగ్గరొకటి, ఆయన దగ్గరొకటి, అవ్వ దగ్గరొకటి."

"అవ్వ ఎవలు?"

చెప్పాను. ఆ మధ్యాహ్నం అవ్వ ఇంటి దగ్గర లేదు. వారానికొకసారి, మంగళవారం, చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు వెళ్లి ఇచ్చి ఆకూ తంబాకూ తెచ్చుకునేది.

"ఆమె మీద మీకేమన్న అనుమానం ఉన్నదా అమ్మా?"

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. లేదు సార్ అనాలి. పన్నెండేళ్లుగా నా ఇంటి తాళంచెవి ఉంచుకుని ఒక్కనాడు గడప లోపలికి రాని మనిషి ఆమె. కానీ నా కళ్ల ముందు ఖాళీ ఇనుప డబ్బా ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"ఏమో సార్, నేనెట్ల చెప్త" అన్నాను.

జమేదార్ తలెత్తి నా వైపు చూశాడు.

మర్నాడు వేలిముద్రలు తీసేవాళ్లు వచ్చారు. బీరువా తలుపు మీద పొడి చల్లి ఏవో గుర్తులు ఎత్తుకున్నారు. ఇంట్లోవాళ్ల ముద్రలు వేరు చేయడానికి నావి, మా ఆయనవి తీసుకున్నారు. అవ్వను కూడా పిలిచారు. మా వరండాలో ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వేళ్లు ముందుకు చాచింది. ఒక్కో వేలికీ సిరా రాసి కాగితం మీద ఒత్తారు. నల్లటి మరకలు పడ్డాయే తప్ప వాటిలో ఒక్క గీత కనిపించలేదు. తుడిచి మళ్లీ ఒత్తారు. మళ్లీ అంతే. చివరికి ఆ ఉద్యోగి ఆమె చెయ్యి వెలుతురులోకి పట్టి చూసి, "ఏం లేవు సార్, సాఫ్‌గ ఉన్నయ్" అన్నాడు.

గేటు దగ్గర నిలబడ్డవాళ్లు ఆ మాట విన్నారు. గంటలో అది గల్లీ చివరిదాకా పాకింది. ముసల్దాని వేళ్లకు రేఖలే లేవట. రేఖలు లేకుంటే ఏ ఇంట్లో చెయ్యి పెట్టినా ఎవరికి తెలుస్తుంది? ఈ మాట అన్నది, పదిహేను రోజుల కింద అవ్వ ఉంది కదా అని ధీమాగా చెప్పిన మా పక్కింటామే.

జమేదార్ ఆ మాటకు గట్టిగానే జవాబిచ్చాడు. "అమ్మా, నలభై ఏండ్లు ఆకు చుట్టిన వేళ్లవి. రాసుకొని రాసుకొని గీతలు అరిగిపోతయ్. ఈ ఊర్ల బీడీలు చేసేటోళ్ల చేతులు పట్టి చూడున్రి, ఎంతమందికి ఉన్నయో. కష్టంజేసిన చేతులను చూసి గట్ల మాట్లాడొద్దు." పక్కింటామె లోపలికి వెళ్లిపోయింది. కానీ చెప్పుకునేవాళ్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

అవ్వ తన ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి ఒక రేకు పెట్టె ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. అరుగు మీద పెట్టి మూత తీసి అందులోవన్నీ ఒక్కొక్కటే బయట పెట్టసాగింది. నాలుగు చీరలు. అద్దం పగిలిన భర్త ఫోటో. బీడీ కార్మికుల కార్డు. పుస్తెలు తీసేశాక మిగిలిన నల్లపూసలు ఒక గుడ్డలో కట్టినవి. మనవరాలి చిన్ననాటి గౌను.

"చూసుకోన్రి. అందరొచ్చి చూసుకోన్రి. లోపల ఇంకొక సంచి ఉన్నది, అది కూడ తెస్త" అంది. గొంతు పెంచలేదు. ఏడవలేదు కూడా.

జమేదార్ పోయి ఆ అరుగు ముందు నిలబడ్డాడు. "ఎవలు చూపియ్యమన్నరు అవ్వా? లోపల పెట్టు" అంటూ తనే చీరలు తీసి మెల్లగా పెట్టెలో సర్దాడు. ఫోటో మీద దుమ్ము చేత్తో తుడిచి పైన పెట్టాడు. నేను మా గేటు పట్టుకుని చూస్తున్నాను. నాలుగడుగులు వేస్తే అక్కడికి చేరేదాన్ని. వెళ్లలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం అవ్వ ఒక్కో ఇల్లూ తిరిగింది. కొంగులో ఏడు తాళంచెవులు. ప్రతి ఇంటి ముందు ఆగి, పేరు పెట్టి పిలిచి, వాళ్ల తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టింది. మా ఇంటికి చివర్న వచ్చింది.

"పట్టు బిడ్డా. నీ చెవి."

"ఉండనీ అవ్వా. ఎందుకు గిట్ల చేస్తున్నవ్?"

"ఎందుకు అంటవేంది? సారు నిన్ను అడిగినప్పుడు నేను గేటు కాడనే ఉన్న."

ఆమె ముఖంలో కోపం వెతికాను. కోపమున్నా బాగుండేది. అలిసిపోయిన మనిషిలా ఉందంతే.

"కాదు అని నీ నోటెంట వస్తదని చూసిన" అంది. "ఏమో అన్నవ్. గంతే బిడ్డా. మంచిగుండు." తాళంచెవి నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను బస్సుకు వెళ్లేటప్పుడు అరుగు వైపు చూడకుండా నడిచాను. అవ్వ కూడా చేట మీద నుంచి తల ఎత్తలేదు. ఇంట్లో మా ఆయన కూడా మాట తగ్గించేశాడు. అన్నం సగంలో లేచేవాడు. సొమ్ము పోయిన బాధ అనుకున్నాను.

తర్వాతి శనివారం సాయంత్రం జమేదార్ ఒక్కడే వచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి మా ఆయన వైపు చూశాడు.

"సార్, ఆ మంగళారం పగటిపూట మీరు ఇంటికొచ్చిన్రా?"

మా ఆయన ఖాళీ గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టాడు.

"మూల మీద ఇస్త్రీ బండి ఆయన చెప్పిండు, ఒంటిగంటకు మిమ్మల్ని చూసిన అని. నేను తప్పు పడ్తలేను సార్. ఉన్నది ఉన్నట్టు చెప్తె పని ముందటికి పడ్తది."

నేను మా ఆయన ముఖం చూశాను. ఆయన నేల వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు పొద్దున పెద్దకొడప్‌గల్ నుంచి మా మరిది ఫోన్ చేశాడట. పొలం పాసుబుక్కు కావాలి, మధ్యాహ్నం బస్సుకు వస్తానన్నాడట. ఆఫీసులో తనకు తీరిక ఉండదని మా ఆయన ఒంటిగంటకు వచ్చి పాసుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. తాళంచెవి అవ్వకిద్దామని వెళ్తే ఆమె కార్ఖానాకు వెళ్లింది. తన తాళంచెవిని మీటరు డబ్బా మీద పెట్టి, అక్కడ ఉందని తమ్ముడికి ఫోన్లో చెప్పి, ఆఫీసుకు వెళ్లిపోయాడు. తమ్ముడికి బస్సు దొరకలేదు, రానేలేదు. ఆ సంగతి ఫోన్లో తెలిసి మా ఆయన నాలుగింటికే ఇంటికి వచ్చాడు.

"నాలుగింటికి వచ్చినప్పుడు చెవి ఏడ పెట్టిందాడనే ఉన్నది. పెట్టినట్టే ఉన్నది సార్" అన్నాడు మా ఆయన. "గందుకే అది కాదు అనుకున్న. దానితోని తీసుంటె మల్ల ఆడనే ఎందుకు పెడ్తడు అనుకున్న."

"జల్ది తెల్వకుండ ఉంటందుకు పెడ్తరు సార్. తాళం ఏసి ఉంటె అటెన్క వచ్చినోళ్లకు ఏం తెలుస్తది? వాళ్లు ఊరు దాటిపోతరు. ఇంకో రెండిండ్లల్ల గిట్లనే అయ్యింది" అన్నాడు జమేదార్. నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "ఈ మాట మొదటి దినం చెప్తె బాగుండు" అన్నాడు.

ఆయన వెళ్లాక నేను మా ఆయన మీద అరిచాను. పెళ్లయ్యాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆమె పెట్టె తెచ్చి వాకిట్లో పెట్టిననాడు నువ్వు ఏడున్నావని అడిగాను. కిటికీలో నుంచి చూస్తూ ఉన్నానని చెప్పాడు. నేను గేటు దగ్గర, ఆయన కిటికీ దగ్గర. అరవడం ఆపేశాను. మర్నాడు పొద్దున ఆయనే జమేదార్‌కు ఫోన్ చేసి, గల్లీవాళ్లను ఒకసారి ఒక దగ్గరికి పిలవమని అడిగాడు.

మళ్లీ అవ్వ ఇంటి ముందే కలిశారందరూ. మా ఆయన నలుగురిలో మాట్లాడే మనిషి కాడు. ఆఫీసులో ఎవరికైనా వీడ్కోలు సభ జరిగినా వెనక వరసలో కూర్చుని వచ్చేవాడు. ఆ పొద్దున ముందుకు వచ్చి నిలబడి, చేతులు కట్టుకుని, "చెవి నేను మీటరు డబ్బ మీద పెట్టిన" అని మొదలుపెట్టాడు. ఆగకుండా అంతా చెప్పాడు. భయపడి దాచానని చెప్పాడు. తర్వాత జమేదార్, ఆ మంగళవారం అవ్వ నాలుగింటి దాకా కార్ఖానాలోనే ఉందని అక్కడివాళ్లు చెప్పారని, తానే వెళ్లి అడిగి వచ్చానని అందరికీ వినపడేలా చెప్పాడు. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను అవ్వ ముందుకు వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను. "ఏమో అని అనొద్దుండె అవ్వా. తప్పయింది" అన్నాను. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టబోయాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు బిడ్డా. నేను ఈడ కూసుంట. వచ్చేటోళ్లను పోయేటోళ్లను చూస్త. ఎవలన్న కొత్తోళ్లు తిరిగితె సార్‌కు ఫోన్ చేపిస్త. కాని చెవులు మాత్రం నేను ముట్ట."

జమేదార్ బలవంతం చేయొద్దని మాకు సైగ చేశాడు. ఆ రోజు నుంచే గల్లీలో కొన్ని పద్ధతులు మొదలయ్యాయి. ఊరికి వెళ్లేవాళ్లు పక్క రెండు ఇళ్లకూ, స్టేషన్‌కూ చెప్పి వెళ్లాలి. గేటు దగ్గర పేపర్లూ పాలప్యాకెట్లూ పేరుకోకుండా పక్కవాళ్లు తీసి పెట్టాలి. అమ్మేవాళ్లు, బాగుచేసేవాళ్లు, అద్దె ఇల్లు అడిగేవాళ్లు ఎవరు వచ్చినా ఏ ఊరు, ఏ పని అని ఒకరు అడగాలి. మంగళవారం అవ్వ కార్ఖానాకు వెళ్లే వేళకు జమేదార్ కానీ, ఆయన పంపిన హోంగార్డు కానీ వచ్చి ఆమె అరుగు మీద కూర్చునేవారు. గంప తీసుకుని ఆమె తిరిగి వచ్చేదాకా ఉండి, చాయ ఇస్తే తాగి వెళ్లేవారు.

నాలుగు నెలలు గడిచాయి. ఎండలు ముదిరాయి. వేరే ఊళ్లో ఒక ఆడమనిషి, మగమనిషి దొరికారని, మా ఊరి దొంగతనాలు కూడా ఒప్పుకున్నారని కబురు వచ్చింది. ఎవరైనా గుర్తుపడతారేమో చూడటానికి అవ్వను, ఇస్త్రీ బండి అతన్ని రమ్మన్నారు. నాకు సెలవులే కాబట్టి అవ్వను ఆటోలో నేనే తీసుకెళ్లాను.

ఆ ఆడమనిషికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. సాదా చీర, తలకు నూనె. గోడ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. అవ్వ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. చూసి, అక్కడే ఉన్న బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఎరుకనే సార్" అంది చిన్నగా. "మా అరుగు మీద కూసున్నది ఈమె."

తిరిగి వచ్చేటప్పుడు రైల్వే గేటు పడి ఆటో ఆగినప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, మీ ఇంట్ల పోయిన ముందుదినం వచ్చింది ఆమె. కిరాయికి ఇల్లు ఉన్నదా అన్నది. ఎండల తిరిగి తిరిగి వచ్చిన అవ్వా, జర నీళ్లియ్యి అన్నది. ఇచ్చిన. కూసోమన్న. నా తీరుగ బీడీలు చేస్తదంట వాళ్లమ్మ. మంచిగ మాట్లాడింది. రేపొస్త అవ్వా, నువ్వుంటవా అన్నది. రేపు మంగళారం, నేను కార్ఖానకు పోత, పగటీలికి ఉండ అన్న." ఆమె పడి ఉన్న గేటు వైపు చూసింది. "గిన్ని దినాలు నిన్ను తిట్టుకున్న. నేను లేని వేళ చెప్పింది నేనే."

"దూపకు నీళ్లిచ్చినవ్. అడిగితె చెప్పినవ్. అండ్ల నీ తప్పేంది అవ్వా?"

"తప్పు లేదు. కాని కడుపుల పడ్డది, పోతలేదు."

రైలు పోయింది. గేటు లేచింది. ఆటో కదిలాక ఆమె నా చెయ్యి వదిలేసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను 'ఏమో' అన్నందుకు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో ఆమెకు చెప్పాలనుకున్నాను. అది చెబితే నా బరువు దిగుతుంది, ఆమె బరువు దిగదు. చెప్పలేదు.

వెండికంచం ఒక్కటే కోర్టు ద్వారా మాకు తిరిగి వచ్చింది. మా అమ్మ గుండ్లు ఏ కొలిమిలోనో కరిగిపోయాయని చెప్పారు. అది విన్న రోజు ఏడ్చాను. తర్వాత తర్వాత ఆ బాధ పాతబడింది. 'ఏమో' అన్న బాధ పాతబడలేదు.

ఆ తర్వాత మా గల్లీలో దొంగతనం జరగలేదు. అవ్వ చెప్పినట్టే అరుగు మీద కూర్చునేది. ఎవరు వచ్చినా ఏడికెళ్లి వచ్చిన్రు, ఎవలింటికి అని అడిగేది. ఒకసారి బోరు రిపేరుకు వచ్చామన్న ఇద్దరిని ఆమె ఆపి, ఇస్త్రీ బండి ఆయనతో ఇంటివాళ్లకు ఫోన్ చేయించి, వాళ్లు ఎవరినీ పిలవలేదని తేలేసరికి ఆ ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు. జమేదార్ ఆమెను స్టేషన్‌కు పిలిపించి శాలువా కప్పిస్తానన్నాడు. వద్దంది. నీళ్లడిగినవాళ్లకు నీళ్లు ఇవ్వడం మాత్రం మానలేదు. చెంబు ఇచ్చేది, తాగేదాకా నిలబడేది, తీసుకునేది. కూర్చోమనేది కాదు. ఇంతకుముందు ఆ అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని కనిపించేవారు, గాజులమ్మేవాళ్లు, సోది చెప్పేవాళ్లు, ఊరికే నీడకు ఆగినవాళ్లు. ఇప్పుడు ఆమె ఒక్కతే ఉండేది. గల్లీ భద్రంగా ఉందని మేమంతా సంతోషపడుతున్న రోజుల్లోనే ఆమె మాట కరువై ఉండిపోయిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండేళ్లకు అవ్వకు దగ్గు ఎక్కువైంది. తంబాకు దగ్గర కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. కూతురు వచ్చి ఎల్లారెడ్డికి తీసుకెళ్లింది. ఆ ఇంటిని కొన్నవాళ్లు అరుగు కొట్టించి ఇనుప గేటు పెట్టించారు. జమేదార్ అప్పటికే రిటైరై తన ఊరికి వెళ్లిపోయాడు.

నా బడి ఎల్లారెడ్డిలోనే కాబట్టి నెలకు ఒకటి రెండుసార్లు సాయంత్రం బస్సుకు ముందు అవ్వ దగ్గరికి వెళ్లేదాన్ని. కూతురి ఇంటి చుట్టూ వరి పొలాలు. వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉండేది. చేతులు ఊరికే ఉండలేక పాత గుడ్డలు చించి పీలికలు చేస్తూ ఉండేది. మా ఆయన ఎట్లున్నాడని ఎప్పుడూ అడిగేది. ఆయన కూడా రెండుసార్లు నాతో వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని వెళ్లాడు. వాళ్లిద్దరూ పంటల గురించి, వానల గురించి మాట్లాడుకున్నారు.

ఎన్నికలైన ఎండాకాలం అది, నేను చివరిసారి చూసింది అప్పుడే. బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి మంచం మీద జరిగి చోటిచ్చింది. కూతురు చాయ తెచ్చింది. తాగుతుంటే అవ్వ అడిగింది.

"పగటీలి గల్లీల ఎవలుంటున్నరు బిడ్డా ఇప్పుడు?"

"ఎవలు లేరు అవ్వా. అందరికి తాళాలే. రెండు ఇండ్లకు కెమెరాలు పెట్టిచ్చిన్రు."

"అవి చూస్తయా?"

"చూస్తయ్ అవ్వా."

"అడుగయ్ గద బిడ్డా, ఎవలింటికని" అంది. పొలం మీద నుంచి గాలి వస్తోంది. తర్వాత కూతురిని పిలిచి, "టీచరమ్మకు బస్సు యాల్లయితుంది, మూల దాంక పోయి సాగనంపి రా" అంది. నేను ఆమె పాదాలు ముట్టుకుని లేచాను. కూతురు చెప్పులు వేసుకుని నాతో బయల్దేరింది.